రెండో రోజు పూలు

కాఫీ పువ్వుకి కాఫీ వాసన ఉండదు. ఈ ముక్క డెకరేషన్ అతనికి చెబుదామనుకునేలోపే అతను చిన్న సీసా మూత తీసి, బల్ల మీదున్న తెల్లటి గుడ్డపూల గుత్తి మీద రెండుసార్లు పిచికారీ కొట్టేశాడు. గదంతా హోటల్ వాసన కమ్ముకుంది.

"ఇది మా కొత్త థీమ్ మేడమ్. అరకు కాఫీ బ్లాసమ్. స్టేజీ మొత్తం వైట్. గెస్టులు లోపలికి అడుగుపెట్టగానే కాఫీ స్మెల్ వస్తుంది. ఫీల్ కోసం."

అమ్మ ఒకసారి గట్టిగా వాసన పీల్చి, "దీంతోపాటు టిఫిన్ కూడా ఉంటుందా బాబూ?" అని అడిగింది. నా నోరు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో మీకు ఇక్కడే అర్థమై ఉంటుంది.

పెళ్ళి నాది. అప్పటికి ఇంకా పన్నెండు రోజులుంది. విశాఖపట్నంలోని ఆ షోరూముకి అమ్మ, పిన్ని, నేను ముగ్గురం పూలు ఖాయం చేయడానికి వెళ్ళాం. అప్పటికే గంట నుంచి అతను ట్యాబ్‌లో బొమ్మలు జరుపుతున్నాడు. డస్టీ రోజ్ అని ఒక రంగు చూపించాడు. అది మా నాన్న పాత చొక్కా రంగు. పాపం ఆ చొక్కాకి ఇన్నాళ్ళూ అంత గౌరవమైన పేరుందని మాకెవరికీ తెలీదు. స్టేజీ వెనక నిలబెట్టే ఏడడుగుల పూలచక్రం చూపిస్తే, సర్కస్‌లో పులి దూకేది ఇలాంటి దాంట్లోంచే కదా, మా పెళ్ళికొడుకుని ప్రాక్టీస్ చేయమంటాను అన్నాను. అమ్మ నా మోచేతి మీద గిల్లింది.

పిన్ని మాత్రం ఆ గుడ్డపూల గుత్తిని తన వైపు లాక్కుని చూస్తూ కూర్చుంది. ఆవిడ అలా చూడటం చూశాక నాక్కూడా జోకులు రావడం ఆగిపోయింది. ఆ తెల్లపూల వెనకున్న నా గుట్టు ఆవిడకి తెలీదు. కనీసం నేనలా అనుకుంటూ వచ్చాను.

నాన్న అరకు లోయలో బడిపంతులుగా ఉన్న రోజులవి. నాకు తొమ్మిదేళ్ళు. మా క్వార్టర్స్‌కి రెండు గదులు, ఒక రేకుల వరండా. వెనక కంచె, కంచె వెనక వాగు, వాగు దాటితే కొండ, కొండ మీద సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి ఎగబాకిన మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ తోటలు. కాబట్టి మా ఇంట్లో తాగే కాఫీ ఎక్కడి నుంచి వచ్చేదో మీరు ఊహించగలరు. విశాఖపట్నం నుంచి. ప్యాకెట్లో.

వాగు పక్కనున్న తోట అప్పది. అప్ప అంటే మా వైపు అక్క. ఆవిడ అమ్మకి అప్ప, పిన్నికి అప్ప, నాన్నకి అప్ప, నాకూ అప్పే. వరసలు సరిచూసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. వాగు అవతలి ఆదివాసీ ఊరి మనిషి. అమ్మ కంటే పెద్దది, నాన్న కంటే ఎత్తు. వారానికోసారి విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టో, పనసకాయో, చింతపండు ముద్దో నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఆవిడ వరండాలో కూర్చుంటే పొగచూరిన కట్టెల వాసన, పచ్చి ఆకుల వాసన కలిసి ఇల్లంతా పాకేవి. అమ్మ మర్యాదగా కాఫీ ఇచ్చేది. అప్ప అంతే మర్యాదగా ఒక్క గుక్క తాగి మొహం చిట్లించేది.

"సేదు. దీనికోసరమేటి మీ పట్నమోలు సచ్చిపోతన్నారు?"

"నువ్వు తోట వేసింది దీనికే కదప్పా," అనేది అమ్మ.

"ఏసినాను. తాగుతానని సెప్పినానేటి?"

ఆ గ్లాసు చివరికి నా చేతికొచ్చేది. నేను కాఫీ తాగడం నేర్చుకున్నది అలా.

అమ్మమ్మా తాతయ్యా ఎప్పుడో పోయారు. పిన్ని మా ఇంట్లోనే పెరిగింది. అందుకని పెళ్ళి కూడా మా ఇంటి ముందే, బడి ఆవరణలోనే చేయాలని అనుకున్నారు. పెళ్ళికొడుకు వాళ్ళది కింద బొబ్బిలి వైపు. వాళ్ళు ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చేసరికి సగంమంది వాంతులు చేసుకుని ఉంటారు, అలంకరణ ఎవరు చూస్తారు అని నాన్న ధీమా. పిన్ని ఆ ధీమాతో ఏకీభవించలేదు.

పిన్నికి స్టైల్ కావాలి. ఆ మాట రోజుకి పదిసార్లు అనేది. తన ట్రంకుపెట్టె మూత లోపలివైపు పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి అంటించుకుంది. అందులో ఒక పెళ్ళికూతురు వెనక్కి తిరిగి నిలబడి ఉంటుంది. జడ పైనుంచి కింది దాకా చిన్న చిన్న తెల్లపూలే. మధ్యలో ఒక్క కనకాంబరం లేదు, మరువం లేదు, జరీ పోగు కూడా లేదు. ఆ బొమ్మని పిన్ని పెళ్ళికొడుకు ఫొటో కంటే ఎక్కువసార్లు చూసిందని నేను ఇప్పటికీ సాక్ష్యం చెప్పగలను.

"అన్నీ తెల్లవే ఏటే? బొట్టెట్టుకోడం మర్చిపోయిన మొహంలాగుంది," అనేది అమ్మ.

"అదే స్టైలక్కా."

"పిడికెడు జుట్టు లేదు గానీ దానికో స్టైలు."

ఇది కొంచెం అన్యాయం. పిడికెడు కాకపోయినా పిన్నికి జుట్టుంది. సవరం కడితే జడ అని చెప్పుకోవచ్చు.

పందిరి అలంకరణ బాధ్యత నాన్న తీసుకున్నాడు. బడి బీరువాలో జెండా పండగలకి వాడగా మిగిలిన రంగు కాగితాల తోరణాలు ఉన్నాయి. వాటిని దుమ్ము దులిపి పందిరి నాలుగు వైపులా కట్టించాడు. పిన్ని బయటికొచ్చి చూసి, పురోహితుడు మంత్రాలు చదువుతాడో జనగణమన పాడతాడో అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నాన్న కాసేపు చిన్నబుచ్చుకున్నాడు, తర్వాత కాషాయం రంగు వాటిని మాత్రం ఉంచుకుంటానని బేరమాడాడు.

ఆ కాగితాల బదులు ఏం కట్టాలో పిన్నే కనిపెట్టింది. సిల్వర్ ఓక్ ఆకు పైనుంచి చూస్తే మామూలు పచ్చ. తిరగేస్తే వెండి. మేమిద్దరం మూడు రోజులు కొండవాలున తిరిగి ఆ రెమ్మలు కోసుకొచ్చాం. ప్రతి ఆకునీ బోర్లించి, వెనకవైపు బయటికి కనిపించేలా కట్టాం. గాలి వీస్తే పందిరంతా మెరిసేది. స్తంభాలకి ఆ చెట్ల పూతే కట్టాం, పళ్ళుతోమే బ్రష్షుల్లా ఉండే పసుప్పచ్చ పూత. అది రాల్చే తేనె జిగురుకి చీమలు బారులు తీరాయి. అవి కూడా అలంకరణలో భాగమేనని పిన్ని తేల్చేసింది. ఆ లోయలో మొట్టమొదటి ఈవెంట్ మేనేజర్ మా పిన్నే. చెప్పుకోవడానికి అప్పటికి ఆ మాట పుట్టలేదంతే.

జడ సంగతి మాత్రం తేలలేదు. కింద నుంచి బస్సులో తెప్పిస్తే మల్లెలు దార్లోనే విచ్చుకుని, దిగేసరికి వేలాడిపోతాయి. ఒకరోజు వరండాలో పనసకాయ కొడుతూ అక్కాచెల్లెళ్ళ గొడవంతా విన్న అప్ప, కత్తికి నూనె రాసుకుంటూ అడిగింది.

"తెల్లపూలే గదా కావాల? మా తోటలో పూత్తాయి."

"ఎప్పుడప్పా?" పిన్ని లేచి నిలబడింది.

"వాన పడాల. పడిన తొమ్మిదోనాడు కొండంతా తెల్లగయిపోద్ది. నీకెన్ని జడలు కావాల?"

అప్ప తోటకి అది మొదటి పూత. నాలుగేళ్ళ కిందట మొక్కలు నాటింది. వాగులోంచి నీళ్ళు మోసి పోసింది. ఎండ తగిలితే ఆకుల కొమ్మలు గుచ్చి నీడ పెట్టింది. తొలిచూలు కూతుర్ని చూసుకున్నట్టు రోజూ ఒకసారి వెళ్ళి చూసి వచ్చేది. ఆ ఏడే కాయ పడాలి. ఇదంతా చెప్పి, చివర్లో నా వైపు వేలు చూపించింది.

"పూలు నానే తెత్తాను. ఎవులూ తోటలోకి రాకండి. గుంటా, నీకే సెప్తన్నాను."

"నేనేం చేశానప్పా?"

"ఇంకా సెయ్యలేదు. అందుకే ముందు సెప్తన్నాను."

అప్పటి నుంచి మా ఇంట్లో వాన గురించి రెండు పార్టీలు అయ్యాయి. పందిరి తడుస్తుందని, ఆరుబయట పెట్టే గాడిపొయ్యి ఆరిపోతుందని అమ్మ వాన వద్దని మొక్కేది. జడ కోసం పిన్ని వాన కావాలని మొక్కేది. ఇద్దరూ మొక్కేది ఒకే పటానికి, ఒకే అగరొత్తి వెలుగులో. ఆ పటంలో దేవుడి మొహం ఆ వారం కాస్త ఇబ్బందిగా ఉన్నట్టు నాకు అనిపించేది.

పెళ్ళికి సరిగ్గా పది రోజుల ముందు సాయంత్రం వాన పడింది. వడగళ్ళతో సహా. అమ్మ ఆరబెట్టిన అప్పడాల చాప పట్టుకుని లోపలికి పరిగెడుతుంటే, పిన్ని రెండు చేతులూ చాపి వరండా చూరు కింద నిలబడింది. నేను వడగళ్ళు ఏరి నోట్లో వేసుకుంటూ ఇద్దరికీ అడ్డం పడ్డాను. పిన్ని వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తొమ్మిదోనాడంటే పెళ్ళికి ముందురోజు. అంతకంటే సరిగ్గా ఎవరూ ముహూర్తం పెట్టలేరు.

ఆ తొమ్మిదోనాడు పొద్దున నన్ను లేపింది వాసనే. మల్లెలాగే ఉంటుంది గానీ, మల్లె కంటే పలచగా, నిమ్మపూత కాస్త కలిసినట్టు. తలుపు తీస్తే వాగు అవతల కొండ కింది భాగమంతా తెల్లగా ఉంది. ఆకుల మధ్య ప్రతి కొమ్మ పొడవునా పూలు కుచ్చులు కుచ్చులుగా అతుక్కుని, ఎవరో చెట్లకి సున్నం కొడుతూ ఆకుల్ని మాత్రం వదిలేసినట్టు. పిన్ని నా భుజం పట్టుకుని నిలబడింది. అమ్మ కూడా వచ్చి నిలబడింది. "సరేలే, తెల్లవి బాగానే ఉంటాయి," అంది. అమ్మ నోట్లోంచి అలాంటి మాట రావడానికి ఒక కొండ మొత్తం పూయాల్సి వచ్చింది.

పిన్ని ఆ సాయంత్రమే జడ కట్టుకోవాలనుకుంది. మధ్యాహ్నమైనా అప్ప రాలేదు. పిన్ని గుమ్మంలోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. "మర్చిపోయిందంటావా?" అని నన్నే నాలుగుసార్లు అడిగింది. పసుపు రాసిన మొహంతో, ఏడవబోయే కళ్ళతో, "బేగెళ్ళి పిలుచుకు రావే," అని పంపించింది.

నేను వాగు దాటి వెళ్ళాను. అప్ప ఇంటికి తడిక అడ్డం పెట్టి ఉంది. అడ్డాకులు పట్టుకుని సంతకెళ్ళిందని పక్కింటి ముసలాయన చెప్పాడు. తిరిగి వస్తుంటే దారి పక్కనే తోట. ఎదురుగా పూలు. ఎలాగూ మాకిచ్చేవే. ఆవిడకి ఒక పని తగ్గించినట్టు అవుతుంది. పిన్ని ఏడుపు ఆగిపోతుంది. తొమ్మిదేళ్ళ బుర్రకి ఇంతకంటే గట్టి వాదన అక్కర్లేదు.

మొదటి వరసలో మొదలుపెట్టాను. గౌను చెంగు ఎత్తి పట్టుకుని, కుచ్చుకి కుచ్చు మొదలంటా తుంచాను. పూలు వాటంతటవే వచ్చాయి. ఏదో గొప్ప కార్యం చేస్తున్నాననే తృప్తితో వరస చివరి వరకూ వెళ్ళాను, నా చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకు. చుట్టూ తేనెటీగలు రొద పెడుతూ వాటి పని అవి చూసుకున్నాయి. అందులో ఒకటి నన్ను కుట్టినా ఈ కథ అక్కడే ఆగిపోయేది.

"ఎవరిచ్చారే?" అంది పిన్ని, ఒళ్ళో పూలు చూసి.

"అప్ప ఇచ్చింది," అన్నాను.

అంత చిన్న అబద్ధం నేను ఆ తర్వాత ఎప్పుడూ ఆడలేదు. మిగతావన్నీ దానికంటే పెద్దవే.

పిన్ని నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పింది. అమ్మా తనూ కూర్చుని సవరాన్ని పీట మీద పరిచి, కుచ్చుల్ని దగ్గర దగ్గరగా దారంతో బిగించారు. ట్రంకుపెట్టె మూత తెరిచి బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నారు. అచ్చం అదే. తడిగుడ్డలో చుట్టి ఇత్తడి పళ్ళెంలో దాచారు.

పెళ్ళిరోజు పొద్దున గుడ్డ విప్పితే పళ్ళెంలో తడిసిన టీ పొడి పట్టిన తాడు ఒకటి ఉంది.

పిన్ని నేల మీద కూలబడి ఏడ్చింది. బయట బూందీ దూస్తున్న వాసన, పనస పొట్టు కూరలో ఆవ పెట్టిన ఘాటు, సన్నాయి వాళ్ళు శ్రుతి చూసుకుంటున్న చప్పుడు. ఆ ఏడుపు భరించలేక నేను, "ఇప్పుడు గోధుమరంగే స్టైల్ పిన్నీ," అన్నాను. ఎవరూ నవ్వలేదు. నా జీవితంలో పేలని మొదటి జోకు అది. తర్వాత చాలా ఉన్నాయి గానీ మొదటిది మర్చిపోలేం.

అప్పుడొచ్చింది అప్ప. రెండు చేతుల్లో రెండు పెద్ద అడ్డాకు పొట్లాలు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా మంచుకి తడిసి ఉన్నాయి.

"ఏటి, సావొచ్చినింటిలాగున్నారు?"

అమ్మ పళ్ళెం ముందుకు తోసింది. "నిన్న నువ్వు పంపిన పూలే అప్పా. తెల్లారేసరికి ఇలగయిపోయాయి."

"నాను పంపిన..." అని అప్ప ఆగింది. వంగి ఆ తాడులోంచి ఒక కుచ్చు లాగింది. మొదలు చూసింది. తల ఎత్తి నన్ను చూసింది. నేను గుమ్మంలోంచి కనిపిస్తున్న సిల్వర్ ఓక్ ఆకుల్ని చాలా శ్రద్ధగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఊఁ," అంది అప్ప. "మొదటిరోజువి. అవి నిలవవు. నాను పంపకుండా ఉండాల్సింది." పొట్లాలు విప్పింది. లోపల కుచ్చులు లేవు. విడివిడి పూలు, ఒక్కోదానికీ సన్నటి తెల్ల గొట్టం, అంతే. "సూది దారం తెండి. గుంటా, నువ్విలగ రా. నా పక్కన కూకో. లెగిసినావంటే కాళ్ళిరగ్గొడతాను."

పొగడపూలు గుచ్చినట్టు గొట్టంలోంచి సూది దూర్చి గుచ్చాలి. అమ్మా పిన్నీ స్నానాల హడావిడిలో లోపలికి వెళ్ళగానే అప్ప గొంతు తగ్గించింది. నేను ఆ కుచ్చుకంటే ముందే వాడిపోయి ఉన్నాను.

"ఇదేటి?" గోధుమరంగు పువ్వు కింద ఆవగింజంత పచ్చటి బొడిపె గోటితో చూపించింది.

"పువ్వు."

"పువ్వు పైన. ఇది కాయ. దీంతోసహా తుంచేసినావు. మొదటిరోజు పువ్వు సెట్టుది. ఈగలొచ్చి ఆటి పని సేసుకుపోతాయి. రెండోరోజు పట్టు వదిలేత్తాది. అప్పుడిలగ లాగితే," రెండు వేళ్ళతో గాలిలోనే ఏదో పట్టుకుని మెత్తగా లాగి చూపించింది, "పువ్వు మన సేతిలోకి, కాయ సెట్టు మీదే. తెలిసిందా?"

తల ఊపాను. కన్నీళ్ళు సూది కన్నానికి అడ్డం వస్తున్నాయి.

"ఎన్ని సెట్లు?"

"ఒక వరస."

అప్ప చేతులు ఆగాయి. "వరస మొత్తమా?"

"నాకు అందినంతవరకే."

ఆవిడ నన్ను కాళ్ళ నుంచి నెత్తి దాకా కొలిచి చూసింది. పెదవి ఒక పక్కకి వంగింది, కోపమో నవ్వో ఇప్పటికీ తెలీదు. "అందుకే నిన్ను దేవుడు పొట్టిగా పుట్టించినాడు," అంది. దారం కొరికి, "కాయ కోతకి నువ్వు రావాల. రాకపోతే మీ నాన్నకి సెప్తాను."

ఆ పొద్దున నేను ఎన్ని పూలు గుచ్చానో. ఇంటి ముందు బూందీ లడ్డూలు చుట్టారు, సన్నాయి మొదలైంది, ఘాట్ రోడ్డు ఎక్కి పెళ్ళివారు పాలిపోయిన మొహాలతో దిగారు. నేనేదీ చూడలేదు. అప్ప మోకాలు నా మోకాలికి ఆనించి ఉంది, అదే నా సంకెల. పిన్ని పందిట్లోకి నడిచినప్పుడు జడ తెల్లగా, నిండుగా, నడుము కిందికి వేలాడుతోంది. ఆ వాసనకి నాలుగైదు తేనెటీగలు కూడా ఆహ్వానం లేకుండా వచ్చాయి. పురోహితుడు ప్రతి మంత్రానికీ మధ్యలో చెయ్యి విసిరేవాడు. పెళ్ళివారి వైపు పెద్దావిడ ఏం పూలమ్మా అని అడిగి, కాఫీ పూలు అనగానే నమ్మకం లేక దగ్గరికెళ్ళి వాసన చూసి, "కాఫీ వాసన రాదేం?" అంది. ఆవిడ వారసులే ఇప్పుడు విశాఖపట్నంలో డెకరేషన్ వ్యాపారం పెట్టుంటారు.

అప్పగింతలప్పుడు అందరూ ఏడ్చారు. అప్ప పిన్నిని దగ్గరికి తీసుకుని చెవిలో ఏదో చెప్పింది. ఏడుస్తున్న పిన్ని ఉన్నట్టుండి నవ్వింది. దీవెన కాబోలు అనుకున్నాను.

చలి మొదలయ్యాక కాయ కోతకి పిలుపొచ్చింది. నాన్న స్వయంగా దిగబెట్టాడు. అప్ప నా నడుముకి చిన్న వెదురుబుట్ట కట్టి, మొదటి వరస ముందు నిలబెట్టింది. పైకొమ్మల నిండా ఎర్రటి కాయలు. కింది కొమ్మలకి ఆకులే. వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎవరో తాడు పట్టి గీత గీసినట్టు, ఒకే ఎత్తులో కాయ ఆగిపోయింది. నేను వెళ్ళి చెట్టు పక్కన నిలబడి చెయ్యి చాపాను. గీత నా వేళ్ళ చివరనే ఉంది.

అప్పా, ఆవిడ కోడలూ పైకొమ్మలు వంచి దూసుకుంటున్నారు. నాకు అందేచోట ఏమీ లేదు.

"నేనేం కొయ్యాలప్పా?"

"నీ ఎత్తువి నువ్వప్పుడే కోసేసినావు గదా," అంది, తల తిప్పకుండా.

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వంగి వంగి ఆకుల వెనక వెతికాను. తప్పిపోయినవి పదకొండు కాయలు దొరికాయి. ఒకటి నోట్లో వేసుకుంటే తొక్క తియ్యగా ఉంది, కాఫీకీ దానికీ సంబంధమే లేదు. మిగిలిన పదీ అప్ప అరచేతిలో పోయించుకుని, తన గోతాంలో కలిపేసింది. తర్వాత అడ్డాకు దొన్నెలో రాగి అంబలి పోసి, నంజుకోవడానికి ఎండుచేప కాల్చి ఇచ్చింది. మా ఇంట్లో ఎండుచేప వండరు. ఆ సంగతీ అప్ప అమ్మకి చెప్పలేదు.

తర్వాతి ఏడు ఆ గీత లేదు. చెట్లు నిండుగా కాశాయి. ఆ ఏడే నాన్నకి కిందికి బదిలీ అయింది. లారీలో సామాను ఎక్కిస్తుంటే అప్ప వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ మొదటిసారి మొత్తం తాగింది. "ఇప్పుడూ సేదే," అని గ్లాసు బోర్లించింది. మళ్ళీ వస్తామన్నాం. అందరూ అలాగే అంటారు. ఆవిడ పోయిందన్న కబురు మాకు రెండు వానాకాలాలు ఆలస్యంగా, ఒక పెళ్ళిలో భోజనాల బంతిలో తెలిసింది. అప్పుడు నా విస్తరిలో ఏముందో గుర్తులేదు.

షోరూములో ఇదంతా తలుచుకుంటూ నేను ఆ గుడ్డపూల గుత్తి దగ్గరికి జరిగాను. ఒక పువ్వుని రెండు వేళ్ళతో పట్టుకుని మెత్తగా లాగాను. ఇనుప తీగతో సహా మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. కింద ఏమీ మిగల్లేదు.

"రెండో రోజు దాకా ఆగలేవు కదే నువ్వు," అంది పిన్ని.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ గుత్తి వైపే చూస్తోంది. జడ ఇప్పుడు ముడి అయింది, చెవుల దగ్గర నెరిసింది.

"నీకు... ఎప్పటి నుంచి తెలుసు?"

"అప్పగింతల్లో చెవిలో చెప్పింది. ఆ పూలు నీ గుంటే కోసినాది, నువ్వేటీ అనకు, కాయ కోత దాకా దానికి లోపల కుడతా ఉండనీ అని."

"నాకైతే ముందురోజు మధ్యాహ్నమే తెలుసు," అంది అమ్మ, హ్యాండ్ బ్యాగ్ జిప్పు లాగుతూ. "గౌను చెంగంతా కాఫీ చెట్టు పసరే. రెండుసార్లు ఉతికాను. తెలిసే అప్పతో నువ్వు పంపిన పూలే అన్నాను, నిన్ను పట్టివ్వలేక."

ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువుని ముగ్గురు ఆడవాళ్ళు తలో చెయ్యీ వేసి మోశారన్నమాట. నా జీవితంలో ఉన్న ఒకే ఒక్క గంభీరమైన రహస్యం అది. దాన్ని కూడా మిగల్చలేదు.

"అయితే కాఫీ బ్లాసమ్ ఖాయం చేద్దామా మేడమ్?" డెకరేషన్ అతను ఊడిన పువ్వుని తిరిగి గుచ్చుతూ అడిగాడు.

వద్దన్నాం. మండపానికి బంతి, చేమంతి. జడకి మల్లె, కనకాంబరం, మరువం. అమ్మ మొహం వెలిగిపోయింది. ఎన్నో ఏళ్ళు ఆగి గెలిచింది. స్ప్రే మాత్రం ఎక్కడా కొట్టొద్దని రెండుసార్లు చెప్పాను. ఫీల్ పోతుంది మేడమ్ అని అతను నిజంగానే బాధపడ్డాడు.

షోరూముకి వెళ్ళొచ్చి ఒక్క రోజే అయింది. ఫోన్‌లో ఇప్పుడు రెండు ఊళ్ళ వాతావరణం చూస్తున్నాను. ఒకటి పెళ్ళి జరిగే ఊరిది. అక్కడ వాన పడకూడదు. రెండోది లోయది. అక్కడ రేపటిలోగా పడాలి. పడినా ఏమీ కాదని తెలుసు. తొమ్మిదోనాడు ఆ కొండ తెల్లబడుతుంది, పదోనాడు, అంటే నా పెళ్ళిరోజున, పువ్వు పట్టు వదులుతుంది, అంతే. పొద్దున్నే మంచుకి తడిసిన కుచ్చెళ్ళతో రెండు అడ్డాకు పొట్లాలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

ఇందాక సాయంత్రం లోయ పేరు పక్కన చిన్న మబ్బు బొమ్మ కనిపించింది. ఆగలేక పిన్నికి ఫోన్ చేశాను.

నేను నోరు విప్పకముందే, "చూశానే," అంది.